కుడి చెవి వెనక

మొగుడు తన కళ్ళుగప్పి తప్పు చేసి ఉంటే బాగుండునని ఏ ఇల్లాలైనా కోరుకుంటుందా? ఆస్పత్రి వరండాలో ఇనప కుర్చీ అంచున కూర్చున్న ఆవిడ కోరుకుంటోంది. కోరుకోవడమేమిటి, లోలోపల బతిమాలుకుంటోంది. తప్పంటే పేకాటా కాదు, తాగుడూ కాదు. తనకిచ్చిన మాట గాలికొదిలేసి ఆయన ఎప్పుడో ఒకప్పుడు దొంగచాటుగా ఏదో ఒక స్పీకరుకు చెవి ఆనించి ఉండాలి. ఆనించి ఉంటే ఆయన మళ్ళీ మనిషవుతాడు. ఆనించకపోతే ఇక అంతే సంగతులు.

పక్క కుర్చీలో ఆయన ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చొక్కా గుండీలు ఒకదానిలో పెట్టాల్సింది ఇంకోదానిలో పెట్టుకున్నాడు. పొద్దున ఆవిడ సరిచేయబోతే "నాకు వచ్చులే" అన్నాడు. ఆవిడ వదిలేసింది. ఆయనకు వచ్చిన పనులు ఈ మధ్య ఒక్కొక్కటే జారిపోతున్నాయి. మిగిలినవాటిని లాక్కోవడానికి ఆవిడకు చేతులు రావడం లేదు.

ఒకప్పుడు ఆయన్ని అందరూ స్పీకర్ల మేస్త్రి అనేవారు. సభల్లో, పెళ్ళిళ్ళలో, సినిమా హాళ్ళలో గొంతు పోయిన స్పీకరు ఏదైనా చివరికి ఆయన బల్ల మీదికి చేరాల్సిందే. చిరిగిన కాగితం కోను తీసి కొత్తది అతికించేవాడు, కాలిన కాయిల్ విప్పి సన్నటి తీగ మళ్ళీ చుట్టేవాడు. అదంతా ఎవరైనా చేస్తారు. ఆయన ప్రత్యేకత చివర్లో ఉండేది. వేళ్ళ కొసలతో కోనును మెల్లగా లోపలికీ బయటికీ ఆడిస్తూ, కుడి చెవి దానికి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. కాయిల్ ఎక్కడైనా వెంట్రుకవాసి పక్కకు ఒరిగితే అయస్కాంతానికి రాసుకుని గీరుతుంది. ఆ చప్పుడు కోసం ఆయన ఊపిరి బిగబట్టి వినేవాడు. చూసేవాళ్ళకు స్పీకరు ఆయనకేదో రహస్యం చెబుతున్నట్టుండేది. "నా మాట ఎప్పుడైనా అంత శ్రద్ధగా విన్నారా?" అని ఆవిడ దెప్పేది. "నీ మాట వినడానికి చెవి ఆనించాలా? వీధి చివరికి వినబడుతుంది" అనేవాడు.

అలాంటి మనిషికి కాళ్ళు నేలకు అతుక్కుపోవడం మొదలైంది. అడుగు ఎత్తలేక ఈడ్చేవాడు, మలుపు తిరగాలంటే బొమ్మలా అక్కడక్కడే చిన్న చిన్న అడుగులు వేసేవాడు. మాట మధ్యలో తప్పిపోయేవాడు, బాత్రూముకు వెళ్ళేలోపే బట్టలు తడిసేవి. చూసినవాళ్ళంతా ముసలితనం అన్నారు. మెదడు డాక్టరు మాత్రం స్కానింగు తీయించి, ముసలితనం కాదు, మెదడులో నీరు చేరింది అన్నాడు. కుడి చెవి వెనక, చర్మం కింద, గోళీ అంత వాల్వు ఒకటి పెట్టి, ఎక్కువైన నీరు సన్నటి గొట్టంలోంచి పొట్టలోకి దిగేలా చేశాడు. ఆ వాల్వులో అయస్కాంతపు చక్రం ఒకటుంటుంది. అది ఏ అంకె దగ్గర ఆగిందో దాన్నిబట్టి నీరు ఎక్కువో తక్కువో దిగుతుంది, అంకె తగ్గేకొద్దీ ఎక్కువ. దాన్ని తిప్పడానికి మళ్ళీ కోయక్కర్లేదు, తల బయట నుంచే ఇంకో అయస్కాంతంతో తిప్పుతారు. ఏ అంకె దగ్గరుందో చూడటానికీ కోయక్కర్లేదు. దిక్సూచి లాంటి బిళ్ళ ఒకటి చెవి వెనక పెడితే అందులో ముల్లు కదిలి చెప్పేస్తుంది.

ఆపరేషనయ్యాక ఆయన లేచి నడిచాడు. నడవడమే కాదు, ఆస్పత్రిలోనే నర్సులకు మాటలు నేర్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. పోయిన మనిషి గుమ్మంలోంచి తిరిగొస్తే ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్క జాగ్రత్త చెప్పాడు. "అయస్కాంతాలు ఆ చోటికి దగ్గరగా రానివ్వకండి, చక్రం జరిగే ప్రమాదముంది" అన్నాడు. దగ్గరంటే ఎంత దగ్గరని ఆవిడ అడగలేదు. అడగాలని తోచలేదు. ప్రమాదం అన్న మాట చెవిన పడ్డాక కొలతలు ఎవరికి కావాలి? ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు మీది బొమ్మలు పీకేసింది. తన చేతిసంచికి అయస్కాంతపు గుండీ ఉందని సంచినే పారేసింది. పక్కింటి పిల్ల అయస్కాంతపు ముక్కలతో ఆడుకుంటూ వచ్చి తలుపు కొడితే, దొంగను పట్టుకున్నట్టు పట్టుకుని బయటినుంచే పంపేసింది. ఆ పిల్ల తల్లి నెల్లాళ్ళు మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ అనుకుంది ఆవిడ.

తర్వాత దుకాణం సంగతి వచ్చింది. దుకాణమంటేనే అయస్కాంతాల గుట్ట. పళ్ళెమంతేసి అయస్కాంతాలు, వాటికి ఆనించే కుడి చెవి, ఆ చెవి వెనకే వాల్వు.

"మీరు ఆ పని మానెయ్యాలండీ" అంది.

"చెవి పెట్టకుండా ఆ పని చెయ్యడం అవ్వదు" అన్నాడు ఆయన. "పెడితే ఇది తిరిగిపోద్ది. నువ్వన్నది నిజమే. మానేస్తాలే."

"నా మీద ఒట్టేసి చెప్పండి."

"ఒట్టెందుకే, చెప్తున్నాగా. స్పీకరు జోలికి పోను."

దుకాణం ఆవిడ తమ్ముడికి అప్పగించారు. ఆయన కిటికీ దగ్గర కుర్చీకి అప్పగింతయ్యాడు. మొదట్లో వీధిలోంచి ఏ బండిలోనో పాట వినిపిస్తే "కాయిల్ గీరుతోంది" అనేవాడు తనలో తాను. తర్వాత తర్వాత అదీ మానేశాడు. ఆవిడ మాత్రం తన కాపలా చూసుకుని మురిసిపోయింది. ఆయన్ని బతికించింది డాక్టరే కావచ్చు, కానీ నిలబెట్టింది తానే అనుకునేది. ఆ మాట నలుగురితో అంది కూడా.

ఇప్పుడు మళ్ళీ కాళ్ళు ఈడుస్తున్నాడు. మళ్ళీ మాటల మధ్యలో తప్పిపోతున్నాడు. పోయిన వారం తన సొంత చెల్లెలి ఫోటో చూపించి "ఎవరీమె, బాగుందే" అన్నాడు. డాక్టరు అన్నీ చూశాడు. గొట్టం ఎక్కడా మూసుకుపోలేదు.

"పోయినసారి రెండు మీద పెట్టి పంపించాం" అని డాక్టరు ఆవిడకు ఓపిగ్గా చెప్పాడు. "అంతకంటే కిందికి తేలేం, తెస్తే మెదడు పక్కన రక్తం చేరుతుంది. ఒకసారి తెచ్చి చూస్తే ఆ ముచ్చటా అయింది కదా. ఇప్పుడు అది రెండు మీదే ఉందో లేదో చూద్దాం. ఏ అయస్కాంతం వల్లో జరిగిందనుకోండి, వెనక్కి తెచ్చేస్తాం, మళ్ళీ నడుస్తారు."

"జరక్కపోతే?"

"జరక్కపోతే ఇది నీటి వల్ల కాదమ్మా. మెదడే అరిగిపోతోందనుకోవాలి. దాన్ని తిప్పడానికి మా దగ్గర ఏమీ లేదు."

అందుకే ఆవిడ అలా కోరుకుంటోంది. మొదట తమ్ముడికి ఫోను చేసింది. "నిజం చెప్పరా, బావ నీ దగ్గరికి వచ్చేవాడు కదూ? నేను సంతకెళ్ళినప్పుడో, నిద్రపోయినప్పుడో?" అని ఆరా తీసింది. "ఒక్కసారి కూడా రాలేదక్కా. ఆ వీధిలోకే రాడు. నేను పిలిచినా రాడు" అన్నాడు వాడు. వాడు చిన్నప్పటినుంచీ బావ పక్షమే, అబద్ధమాడుతున్నాడని ఆవిడ మనసుకు నచ్చజెప్పుకుంది. ఆయన్నే అడిగితే "ఏ స్పీకరు?" అన్నాడు. ఇన్నేళ్ళ కాపలాలో ఎక్కడో ఒక కన్నం ఉండే ఉంటుంది. ఎవరి కాపలాలో ఉండదు? తానేం పోలీసు కాదుగా. అలా తన కాపలాను తానే చులకన చేసుకుంటూ కూర్చుంది.

తలుపు తీసి ఒకమ్మాయి పిలిచింది. ఆ గదిలో వాల్వు అంకెలు చూసేది ఆ అమ్మాయే. పొట్టిగా ఉంది, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతోంది, చేతులు మాత్రం నింపాదిగా ఉన్నాయి. గది ఇరుకు. నీలం దుప్పటి కప్పిన మంచం, గోడవార ఒక బల్ల, మధ్యలో చెక్క కుర్చీ.

"ఫోన్లు బయట పెట్టేయండి. బాబాయిగారూ, ఈ చెక్క కుర్చీలో కూర్చోండి. ఇనప కుర్చీ అయితే ముల్లు అటు తిరిగిపోయి తప్పు చెప్తుంది" అంటూ తన చేతి గడియారం కూడా విప్పి సొరుగులో పడేసింది.

ఆయన కుర్చీ చుట్టూ తిరిగి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. చెవి వెనక పలచబడ్డ జుట్టు పాయతీసి, చూపుడువేలితో తడిమి, చర్మం కింద ఉబ్బెత్తుగా ఉన్న చోటు పట్టుకుంది. దాని మీద ప్లాస్టిక్ చట్రం ఒకటి ఆనించి, అటూ ఇటూ సర్ది, అందులో గుండ్రటి బిళ్ళ కూర్చోబెట్టింది. బిళ్ళలో సన్నటి ముల్లు వణికింది. అటు ఊగింది, ఇటు ఊగింది. ఆవిడ మెడ చాచి చూస్తోంది. మూడు కావాలి. నాలుగైనా ఫరవాలేదు. రెండు తప్ప ఏదైనా సరే.

ముల్లు ఆగింది.

"రెండు" అంది అమ్మాయి.

"సరిగ్గా చూడు తల్లీ."

"చూశానమ్మా. రెండే."

"ఒకవేళ తిరగేసి పెట్టావేమో."

అలా అన్నందుకు ఇంకొకరైతే మూతి ముడుచుకునేవారు. ఆ అమ్మాయి చట్రం తీసి ఆవిడకు చూపించింది. "ఇదిగో ఇక్కడ బాణం గుర్తుంది చూడండి. గొట్టం మెడ వైపు దిగుతోంది కదా, బాణమూ అటే ఉండాలి. అలాగే పెట్టాను. పోనీ మీ ముందే మళ్ళీ పెడతాను." మళ్ళీ పెట్టింది. ముల్లు ఈసారి ఊగకుండా తిన్నగా వెళ్ళి రెండు దగ్గర నిలబడింది. అడక్కుండానే మూడోసారీ పెట్టింది. "పొద్దున తీసిన ఎక్స్‌రేలోనూ రెండే ఉందమ్మా. దాన్నీ దీన్నీ పోల్చి చూసుకున్నాకే చెప్తున్నాను."

ఆవిడ భర్త ఎదురుగా వెళ్ళి ముందుకు వంగింది. "ఏమండీ, నేనేమీ అనను. పిల్లల మీద ఒట్టు, ఒక్క మాటా అనను. మీరు దుకాణానికి వెళ్ళారా? స్పీకరుకు చెవి పెట్టారా?"

ఆయన ముఖంలో చాలాకాలంగా లేని తేట ఒకటి వచ్చింది. నింద పడ్డ మనిషికి వచ్చే తేట. "లేదే" అన్నాడు. "మాటిచ్చాగా. పెడితే నీకు చెప్పనా?"

ఆవిడకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. లోకంలో మొగుళ్ళు ఎన్ని మాటలిచ్చి ఎన్ని తప్పడం లేదు? ఈయనే దొరికాడా హరిశ్చంద్రుడు! ఒక్కసారి, ఒకే ఒక్కసారి పెళ్ళాం మాట పెడచెవిన పెట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

అమ్మాయికి ఈ గొడవ తెలియదు. ఆవిడ మొహం చూసి ఏదో ఓదార్పు చెప్పాలనుకుంది పాపం. "ఎంత బాగా చూసుకున్నారమ్మా! ఇంతకాలం ఒక్క గీత కూడా జరగలేదు. చాలామందికి ఏదో ఒకటి అంటుకుని జరుగుతూనే ఉంటుంది."

ఆ మెచ్చుకోలు కోసం ఒకప్పుడు ఆవిడ ఊరంతా చెప్పుకుని తిరిగేది. ఇప్పుడది చెంప మీద కొట్టినట్టు తగిలింది. అయినా పాత అలవాటు కొద్దీ చెప్పింది. "ఆయన పనే మానిపించేశానమ్మా. స్పీకర్లు బాగుచేసేవారు. పేరున్న మేస్త్రి."

"పనెందుకు మాన్పించారు?"

"మరి అయస్కాంతాలు కదా. దానికి చెవి ఆనించి వింటేగానీ ఆయనకు పని తెలియదు. ఈ కుడి చెవే పెడతారు."

అమ్మాయి దూదితో బిళ్ళ తుడుస్తూ, తలెత్తకుండానే అనేసింది. "ఎడమ చెవి పెట్టుకుంటే సరిపోయేదిగా? మధ్యలో తల మొత్తం అడ్డుంటుంది. దీనికి నాలుగు వేళ్ళ ఎడం ఉంటే చాలమ్మా. బల్ల మీద పెట్టుకుని పని చేసుకుంటే ఏమీ అయ్యేది కాదు..."

అప్పుడు తలెత్తి ఆవిడ ముఖం చూసింది. మిగతా మాట మింగేసి బిళ్ళను డబ్బాలో పెట్టింది. డబ్బా మూత ఒకసారి పడక, మళ్ళీ నొక్కింది.

ఎడమ చెవి. ఆ మాట ఆవిడకు తట్టలేదు. ఆయనకూ తట్టలేదు. తమ్ముడికీ, ఇంటికి వచ్చి పోయిన అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. జీవితమంతా ఒకే చెవితో విన్న మనిషికి రెండోది ఉందన్న సంగతి ఇంటిల్లిపాదీ మరిచిపోయారు. డాక్టర్నయినా ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. అడగలేదు. భయపడింది, భయాన్నే ప్రేమ అనుకుంది, ఆ ప్రేమతో ఆయన్ని కిటికీ పక్కన కట్టేసింది. ఆయన బుర్ర చురుగ్గా పనిచేసిన మంచి కాలమంతా, మళ్ళీ తెమ్మంటే దొరకని కాలమంతా, వీధిలోకి చూస్తూ గడిచిపోయింది. ఆవిడ మంచం అంచు పట్టుకుంది.

ఆయన మెల్లగా చెయ్యెత్తి ఎడమ చెవిని తడుముకున్నాడు, కొత్తగా దొరికిన వస్తువును చూసినట్టు. "దీంతో ఎప్పుడూ వినలేదు" అన్నాడు ఎవరితోనో.

తర్వాత డాక్టరు చెప్పింది ఎక్కువేమీ లేదు. ముందు చెప్పిందే ఇంకొంచెం మెత్తగా చెప్పాడు. ఇంట్లో పడిపోకుండా చూసుకోమన్నాడు, గుమ్మాల దగ్గర పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించమన్నాడు. మళ్ళీ ఎప్పుడు రావాలని ఆవిడ అడిగితే "అవసరమైతే రండి" అన్నాడు. ఎప్పుడూ ఒక రోజు చెప్పి పంపే మనిషి అలా అనడంతో ఆవిడకు మిగిలిన సందేహం కూడా తీరిపోయింది.

బయటికి వచ్చారు. ఆస్పత్రి ముందు చక్రాల బళ్ళకోసం కట్టిన వాలు దారి ఉంది. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని దింపుతోంది. ఆయన చెప్పులు సిమెంటు మీద గీసుకుంటున్నాయి. పక్కనుంచి మనుషులు దాటిపోతున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి ఆగలేదు, ఆగితే ఆయన మళ్ళీ అడుగు మొదలుపెట్టడానికి కష్టపడతాడు. ఏడుస్తూనే నడిచింది.

దారి మధ్యలో ఆయనే ఆగిపోయాడు.

"ఏమే."

"ఏం? కాళ్ళు నొప్పా?"

"నీకొకటి చెప్పాలి. కోప్పడకూడదు."

"చెప్పండి."

ఆయన అటూ ఇటూ చూశాడు, ఎవరైనా వింటారేమోనన్నట్టు. "నేను వెళ్ళేవాణ్ణి. దుకాణానికి."

"ఎప్పుడు?"

"రోజూనూ. నువ్వు నిద్రపోయాక వెళ్ళొచ్చేవాణ్ణి. ఎన్ని స్పీకర్లు బాగుచేశాననీ! నీ తమ్ముడికి చెప్పొద్దన్నాను." ఆవిడ ముఖంలోకి చూసి ఇంకొంచెం కలిపాడు. "ఊరికే కూర్చోలేదే నేను. నువ్వేం బాధపడకు."

"చెవి పెట్టారా?"

"పెట్టకుండా పనెలా అవుద్ది? పెట్టాను."

"ఏ చెవి?"

ఆయన ఠక్కున చెయ్యెత్తి కుడి చెవి చూపించాడు.

ఆవిడ ఆ చెవికేసి చూసింది. దాని వెనక చర్మం కింద ముల్లు మూడుసార్లు చెప్పిన అంకె అలాగే ఉంది. రోజూ ఆ చెవి పెట్టిన మనిషికి అది రెండు మీద ఉండటం జరగని పని. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడతో ఒక్క అబద్ధమైనా ఆడని మనిషి, గదిలో ఇందాకే నిజం చెప్పిన మనిషి, ఇప్పుడు ఆస్పత్రి ముందు ఎండలో నిలబడి పచ్చి అబద్ధం చెబుతున్నాడు. అది మరుపో, తన ఏడుపు చూడలేక మెదడులో మిగిలిందంతా కూడదీసుకుని కట్టిన కథో ఆవిడకు తెలియలేదు. ఆయన మాత్రం తిట్లకోసం ఎదురుచూస్తున్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

"నాకు తెలుసు" అంది ఆవిడ. గట్టిగా దగ్గి మళ్ళీ మొదలుపెట్టింది. "నాకు తెలుసు మీ సంగతి! మాటిచ్చి నన్ను వెర్రిదాన్ని చేసి, నేనిటు నిద్రపోగానే అటు పారిపోతారా? సిగ్గు లేదూ ఈ వయసులో దొంగతిరుగుళ్ళు? ఇంటికి రండి, మీ పని చెప్తాను. వాడి పనీ చెప్తాను. ఇద్దరూ కలిసి ఆడిన నాటకమా ఇది?"

పక్కన వెళ్తున్నవాళ్ళు తిరిగి చూశారు. పాపం ముసలాయన, ఎలాంటి గయ్యాళి దొరికిందో అనుకుని ఉంటారు. ఆవిడ పట్టించుకోలేదు. మోచెయ్యి గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క అడుగూ వేయిస్తూ, గేటు దాకా తిడుతూనే ఉంది. ఆయన తల వంచుకుని కాళ్ళీడుస్తూ, తప్పు చేసి దొరికిపోయిన మొగుడిలా ప్రతి తిట్టుకూ తలాడిస్తూ నడిచాడు.